ఓడకు గీత గీయించిన గుమాస్తా

విశాఖ రేవుకు వచ్చే సరకు ఓడను ఎప్పుడైనా దగ్గర్నుంచి చూసే అవకాశం వస్తే, దాని పక్కభాగాన్ని మధ్యలో గమనించండి. ఒక సున్నా, దాని నడుమ నుంచి పోయే అడ్డగీత, పక్కనే నిచ్చెన మెట్లలా చిన్న చిన్న గీతలు, వాటి దగ్గర ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. సరకు ఎక్కించేకొద్దీ ఓడ నీళ్లలోకి దిగుతుంది. ఆ కాలానికి వర్తించే గీత మునిగిందంటే లోడు ఎక్కువైనట్టే. ఇక ఆ ఓడ రేవు దాటకూడదు. మర్చంట్ నేవీలోకి వెళ్లేవాళ్లు తొలి పాఠాల్లోనే నేర్చుకునే గుర్తు ఇది. దీన్ని ప్లిమ్సాల్ లైన్ అంటారు.

ఈ పేరున్న సామ్యూల్ ప్లిమ్సాల్ నావికుడు కాదు. ఇంజినీరూ కాదు. ఆయన బతుకు మొదలైంది గుమాస్తాగా.

1824లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పుట్టాడు. పెరిగింది ఎక్కువగా షెఫీల్డ్‌లో. చదువు చిన్నప్పుడే ఆగిపోయింది. ఒక బీరు తయారీ కంపెనీలో గుమాస్తాగా చేరి, మెల్లగా మేనేజర్ దాకా ఎదిగాడు. అక్కడితో ఆగి ఉంటే జీవితం సాఫీగా గడిచిపోయేది. కానీ 1853లో లండన్ వెళ్లి బొగ్గు వ్యాపారం పెట్టాడు. యార్క్‌షైర్ బొగ్గును రైలు మీద చవగ్గా రాజధానికి తేవాలన్నది ప్లాను. అది తిరగబడింది. రెండేళ్లు తిరక్కుండానే దివాలా.

చేతిలో చిల్లిగవ్వ లేక కొంతకాలం కూలీనాలీ జనం తలదాచుకునే చవక వసతి గృహాల్లో గడిపాడు. పని దొరకనివాళ్లు, పని కోసం ఊళ్లు తిరిగేవాళ్లు, కుటుంబాలకు పైసా పైసా కూడబెట్టి పంపేవాళ్లు ఆయన పక్క మంచాల మీద పడుకునేవారు. పేదవాళ్ల గురించి అంతకుముందు తనకు ఏమీ తెలియదని అక్కడే అర్థమైంది. తర్వాత మళ్లీ బొగ్గు వ్యాపారమే ఆయన్ని నిలబెట్టింది. వ్యాగన్ల నుంచి దించేటప్పుడు బొగ్గు విరిగి పొడి కాకుండా ఉండే పద్ధతి కనిపెట్టి బాగానే సంపాదించాడు. కానీ ఆ వసతి గృహాల రోజులు మనసులోంచి పోలేదు.

1865లో డెర్బీ నుంచి పార్లమెంటుకు పోటీ చేసి ఓడిపోయాడు. 1868లో అక్కడి నుంచే లిబరల్ పార్టీ తరఫున గెలిచాడు. ఆ సమయంలో నావికుల విషయం ఆయన దృష్టికి వచ్చింది.

అప్పటి సముద్ర వ్యాపారం లెక్క ఎలా ఉండేదో చూడాలి. ఓడలో ఎంత ఎక్కువ సరకు కుక్కితే అంత కిరాయి. పాత ఓడకు రిపేరు చేయించడం కంటే రంగు వేసి, పేరు మార్చి, అసలు విలువకు మించి బీమా చేయించడం తేలిక. ఓడ క్షేమంగా చేరితే కిరాయి వస్తుంది. మునిగితే బీమా వస్తుంది. రెండు దారుల్లోనూ కొందరు యజమానులకు లాభమే. నష్టపోయేది లోపల ఉన్నవాళ్లు మాత్రమే. అలాంటి ఓడలను జనం శవపేటిక ఓడలని పిలిచేవారు. 1866 జనవరిలో ‘లండన్’ అనే ఓడ మెల్‌బోర్న్‌కు బయల్దేరి బిస్కే అఖాతంలో తుపానుకు మునిగిపోయింది. బరువు మరీ ఎక్కువై నీళ్లలో బాగా కిందికి దిగి ఉండటమే కారణమన్న ఆరోపణలు వచ్చాయి. రెండు వందల మందికి పైగా చనిపోయారు. పడవలో బయటపడింది 19 మంది.

ఉద్యోగం వెతుక్కుంటున్న మీకు ఈ తర్వాతి విషయం ఇంకాస్త గట్టిగా తగలొచ్చు. నావికుడు పనిలో చేరేముందు ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టాలి. చాలామంది ఓడను కంటితో చూడకుండానే పెట్టేసేవారు. తీరా రేవుకు వెళ్లి చూస్తే చెక్కలు కుళ్లి, నీళ్లు కారుతూ, అంచు దాకా సరకు నిండిన ఓడ. ఎక్కనంటే చట్టం ఊరుకోదు, ఒప్పందం తప్పినందుకు జైలే. 1870ల మొదట్లో అలా జైలుకు వెళ్లినవాళ్లు వందల్లో ఉన్నారు. ఓడ ఎక్కి మునిగిపోవడమా, దిగి జైలుకు పోవడమా అన్నదే వాళ్ల ముందున్న ప్రశ్న. ఇంట్లో పిల్లలున్నవాడు ఏం చేస్తాడు? చాలామంది ఎక్కారు.

ఒకటి చెప్పాలి. ఓడకు గీత గీయాలన్న ఆలోచన ప్లిమ్సాల్‌ది కాదు. న్యూకాజిల్‌కు చెందిన జేమ్స్ హాల్ అనే ఓడల యజమానే ముందు నుంచీ దాని గురించి చెబుతూ వచ్చాడు. ప్లిమ్సాల్ దాన్ని అందుకున్నాడు, మళ్లీ వదల్లేదు. ఆయన గొప్పదనం అక్కడే ఉందనిపిస్తుంది. భార్య ఎలీజా కూడా ఈ పోరాటంలో వెన్నంటి ఉంది. 1873లో నావికుల గోడు మీద ఒక పుస్తకం వేశాడు. అది దేశమంతా కలకలం రేపింది. ప్రభుత్వం రాయల్ కమిషన్ వేయక తప్పలేదు. అయితే పుస్తకంలో అన్నీ సరైనవి కావు. కొన్ని ఆరోపణలకు తగిన రుజువులు లేవు. యజమానులు పరువు నష్టం దావాలు వేశారు. వాళ్లలో కొందరు ఆయనతో పాటు అదే సభలో కూర్చునే ఎంపీలు! ఆవేశం ఆయన బలం, బలహీనత కూడా.

ఆ ఆవేశం 1875 జులై 22న బద్దలైంది. ఓడల భద్రత బిల్లును ఈ సమావేశాల్లో పక్కన పెడుతున్నట్టు ప్రధాని డిజ్రేలీ ఆ రోజు ప్రకటించాడు. అంటే మరో చలికాలం, మరిన్ని శవపేటిక ఓడలు. ప్లిమ్సాల్ సభ మధ్యలోకి వచ్చి అరిచాడు. నావికులను చావుకు పంపుతున్న సభ్యులను దుర్మార్గులన్నాడు. మాట వెనక్కి తీసుకోమంటే తీసుకోలేదు. స్పీకర్ వైపు పిడికిలి ఊపి బయటికి వెళ్లిపోయాడు. ఆ రోజుల్లో బ్రిటిష్ పార్లమెంటులో అది మామూలు విషయం కాదు. వారం తర్వాత సభకు క్షమాపణ చెప్పాడు. అయితే తాను చెప్పిన వాస్తవాలను మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఈలోగా బయట సీను మారిపోయింది. ఊరూరా సభలు జరిగాయి, జనం ఆయన వైపు నిలబడ్డారు. పక్కన పెట్టేసిన ప్రభుత్వమే వారాల్లో తాత్కాలిక చట్టం తెచ్చింది. 1876లో మర్చంట్ షిప్పింగ్ చట్టం వచ్చింది. పనికిరాని ఓడను రేవులోనే ఆపేసే అధికారం గట్టిపడింది. ప్రతి ఓడకూ లోడు గీత తప్పనిసరైంది.

గెలిచినట్టేనా? కాదు. గీత ఉండాలని చెప్పిన చట్టం, అది ఎక్కడ ఉండాలో చెప్పలేదు. ఆ నిర్ణయం యజమానిదే! ఒక కెప్టెన్ ఏకంగా పొగగొట్టం మీద గీయించాడని ఓ కథ కూడా ఉంది. ఈ లొసుగు పూడ్చడానికి మరో 14 ఏళ్లు పట్టింది. 1890 చట్టంతో గీత ఎక్కడ ఉండాలో నిర్ణయించే పని యజమానుల చేతుల్లోంచి పోయింది. అప్పటికి ప్లిమ్సాల్ ఎంపీ కాడు. 1880లో గెలిచిన సీటును హోం మంత్రి హార్‌కోర్ట్ కోసం వదిలేశాడు. మంత్రిగా ఆయనైతే నావికులకు ఎక్కువ మేలు చేస్తాడని నమ్మాడు. తర్వాత నావికుల యూనియన్‌కు గౌరవ అధ్యక్షుడిగా ఉన్నాడు. పశువులను ఓడల్లో తరలించే ఘోరమైన తీరు మీద కూడా రాశాడు. 1898 జూన్ 3న ఫోక్‌స్టోన్‌లో కన్నుమూశాడు.

బ్రిటన్ రేవులకు వచ్చే విదేశీ ఓడలకూ గీత ఉండాలన్న నిబంధన 1906లో వచ్చింది. 1929లో లండన్‌లో థేమ్స్ ఒడ్డున ఆయన స్మారకం పెట్టారు. పెట్టించింది నావికుల యూనియన్. మరుసటి ఏడాదే, 1930లో, లోడు గీతల మీద అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. ఇప్పుడు అమల్లో ఉన్న నియమాలకు ఆధారం 1966 నాటి ఒప్పందం. అన్నట్టు, ఇంగ్లండ్‌లో రబ్బరు అడుగు ఉన్న కాన్వాస్ బూట్లను కూడా ప్లిమ్సాల్స్ అంటారు. బూటు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ ఓడ గీతలా కనిపిస్తుందని ఆ పేరు వచ్చిందంటారు.

ఇంతకీ ఒక గీత చాలదా, అన్ని గీతలు ఎందుకు? మంచినీళ్ల సాంద్రత ఉప్పునీటి కంటే తక్కువ కాబట్టి నదీ రేవులో ఓడ ఇంకాస్త కిందికి దిగుతుంది, సముద్రంలోకి రాగానే పైకి తేలుతుంది. అందుకే మంచినీటికి ‘ఎఫ్’ గీత వేరే. ఉష్ణమండలానికి ‘టి’, వేసవికి ‘ఎస్’, చలికాలానికి ‘డబ్ల్యూ’. అలలు భీకరంగా ఉండే చలికాలపు ఉత్తర అట్లాంటిక్‌కు అన్నిటికంటే కింద ‘డబ్ల్యూఎన్ఏ’. ఏ సముద్రంలో ఏ నెలలో ఏ గీత వర్తిస్తుందో మ్యాపులో రాసి ఉంటుంది. మన బంగాళాఖాతంలో డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా ‘టి’ గీత వరకు మునగొచ్చు. మే 1 నుంచి నవంబరు 30 దాకా, అంటే వర్షాలు, తుపాన్ల నెలలన్నీ కలిపి, దానికి కిందున్న ‘ఎస్’ గీతే హద్దు. అందుకే అదే ఓడ జులైలో విశాఖలో లోడయితే, జనవరిలో కంటే కొంత సరకు తక్కువ ఎక్కించుకుని బయల్దేరాలి.