రాగిరేకులకు రాగమిచ్చిన రాళ్ళపల్లి

అనంతపురం పేరు వినగానే కరవుసీమ అన్న భావం కలుగుతుంది. సంవత్సరానికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షపాతం, ఎఱ్ఱని నేలలు, వేరుశనగ చేలు, తరచుగా ఎండిపోయే చెరువులు ఆ పీఠభూమికి ఆనవాళ్ళు. అయినా వానకు కరవైన ఆ సీమలో విద్యకు, కళకు కరవు కలుగలేదు. నాటకరంగానికి వన్నె తెచ్చిన బళ్ళారి రాఘవ ఆ జిల్లాలోని తాడిపత్రిలో జన్మించారు. సంగీత సాహిత్యాలను సమానంగా ఉపాసించిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ కూడా ఆ సీమ బిడ్డయే. శతాబ్దాల తరబడి మూగవోయిన అన్నమాచార్య సంకీర్తనలకు మరల గళమిచ్చిన వారిలో ఆయన అగ్రగణ్యులు.

శర్మగారు 1893 జనవరి 23న, నేటి కంబదూరు మండలంలోని రాళ్ళపల్లి గ్రామంలో జన్మించారు. తల్లి అలమేలుమంగమ్మ, తండ్రి కర్నమడకల కృష్ణమాచార్యులు. తండ్రి వద్ద సంస్కృతాంధ్రాలు నేర్చుకొన్నారు. సంగీతంలో తొలి గురువు తల్లియే. ఆమె పాడిన పాటలను విని, తిరిగి పాడి, మరల విని నేర్చిన విద్య అది. స్వరాల పేర్లు తెలియకముందే స్వరం చెవికి పట్టుబడింది. తాళాల లెక్క తెలియకముందే లయ చేతికి అలవడింది.

ఉన్నత విద్యకై చిన్న వయస్సులోనే మైసూరు చేరి, పరకాల మఠంలో శ్రీకృష్ణ బ్రహ్మతంత్ర పరకాల స్వామివారి సన్నిధిలో సంస్కృత కావ్యాలను అభ్యసించారు. ఆ నగరంలోనే సంగీత విద్వాంసులు బిడారం కృష్ణప్ప గారిని ఆశ్రయించి శాస్త్రీయ సంగీతం నేర్చారు. ప్రసిద్ధ వాయులీన విద్వాంసులు చౌడయ్య గారికి కూడా కృష్ణప్పగారే గురువు. తల్లి ఒడిలో చెవితో నేర్చినది గురువు ఎదుట శాస్త్రంగా రూపుదిద్దుకొంది.

కట్టమంచి రామలింగారెడ్డి గారి ప్రోత్సాహంతో శర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పండితులైనారు. సుమారు 38 సంవత్సరాలు అక్కడే అధ్యాపన చేశారు. ప్రాకృత గాథలను శాలివాహన గాథాసప్తశతీ సారముగా తెలుగు చేశారు. నాటకోపన్యాసములు, సారస్వతాలోకము ఆయన విమర్శనాశక్తికి నిదర్శనాలు. 1928లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పక్షాన వేమనపై చేసిన ఉపన్యాసాలు తెలుగు విమర్శకు కొత్త దారి చూపాయి. సంగీతాన్ని గురించి కన్నడంలో కూడా రచనలు చేశారు.

ఉద్యోగ విరమణ వయస్సు అనేకులకు విశ్రాంతి సమయం. శర్మగారికి మాత్రం జీవితంలోని పెద్ద పని అప్పుడే ఎదురైంది. తాళ్ళపాక అన్నమాచార్యులు 1408 నుండి 1503 వరకు జీవించిన వాగ్గేయకారుడు. ఆయన 32 వేల సంకీర్తనలు రచించినట్లు ప్రసిద్ధి. రాగిరేకులపై చెక్కించిన ఆ సంకీర్తనలు తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో శతాబ్దాల పాటు మరుగున పడి ఉన్నాయి. 20వ శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితుల కృషితో అవి వెలుగు చూశాయి. 1950లో ప్రభాకరశాస్త్రిగారు పరమపదించారు. ఆ కాలంలోనే శర్మగారు తిరుపతి చేరి ఆ పరిష్కరణ భారాన్ని స్వీకరించారు.

సాహిత్యమైతే దొరికింది. కాని అది కేవలం చదువుకొనే పద్యం కాదు, పాడుకొనవలసిన పాట. రేకులపై ప్రతి పాటకు రాగం పేరు ఉంది. స్వరరచన లేదు, తాళ నిర్దేశమూ లేదు. పాడుకొనే పరంపర నడుమ తెగిపోయింది. రాగం పేరు ఉన్నది గదా, దానిలో పాడుకొనవచ్చును గదా అనిపించవచ్చు. చిక్కు అక్కడే ఉంది.

సప్తస్వరాలలో షడ్జ పంచమాలు మారవు. మిగిలిన ఐదింటికి భేదాలున్నాయి. ఏ స్వరానికి ఏ భేదాన్ని గ్రహించవలెనో నిర్ణయించే క్రమమే మేళం. ఈనాటి 72 మేళాల పద్ధతికి మూలమైన వేంకటమఖి 17వ శతాబ్దివాడు, అనగా అన్నమయ్యకు చాలా తరువాతివాడు. ఈ నడుమ రాగాల పేర్లు నిలిచినా కొన్నింటి స్వరూపాలు మారాయి. 1550లో రామామాత్యుడు రచించిన స్వరమేళకళానిధిలో ముఖారి అంటే శుద్ధస్వరాల మేళం. నేటి లెక్కలో అది కనకాంగి. ఈనాడు గాయకులు పాడే ముఖారి ఖరహరప్రియకు జన్యం. పేరు ఒకటే, స్వరాలు వేరు. కొన్ని రాగాలైతే ప్రచారంలోనే లేకుండా పోయాయి.

తాళం విషయం మరొక రీతిది. దానికి ఆధారం పాట నడకలోనే ఉంటుంది. పాదాన్ని మాత్రలుగా విడదీస్తే మూడేసి మాత్రల తిశ్రగతియో, నాలుగేసి మాత్రల చతురశ్రగతియో, అయిదింటి ఖండగతియో, ఏడింటి మిశ్రగతియో తేలుతుంది. ఏడు మాత్రలుగా విరిగే పాదాన్ని ఆదితాళంలో బిగిస్తే మాట నడుమ తెగి అర్థం చెడుతుంది. అదే పాదాన్ని మిశ్రచాపులో నడిపిస్తే మాట విరిగే చోటనే తాళం దెబ్బ పడుతుంది. దీనిని గుర్తించడానికి ఛందస్సు తెలిసిన పండితుడు కావాలి. పాడి చూపడానికి గాయకుడు కావాలి. ఆ ఇద్దరూ శర్మగారిలో ఒక్కరై ఉన్నారు.

ఆయన నూటికి పైగా సంకీర్తనలకు వరుసలు కూర్చి, స్వరసహితంగా ప్రకటించారు. రాగం కోసం మాటను విరచడం, గమకాల ఆడంబరంతో భావాన్ని కప్పివేయడం ఆయనకు సమ్మతం కాదు. ఈ వరుసలు అన్నమయ్య పాడినవే అని చెప్పడానికి ఆధారాలు లేవు. పోయిన వరుస పోయినదే. కాని దానికై విలపిస్తూ కూర్చుంటే పాట కూడా రేకులమీదనే మిగిలిపోయి ఉండేది. స్వరసహితంగా అచ్చైన పాట గురువునుండి శిష్యునికి, కచేరీ వేదికనుండి ఇంటి గడపకు నడవగలిగింది. తరువాతి కాలంలో మరికొందరు విద్వాంసులు ఆ బాటలో నడచి వేరువేరు సంకీర్తనలకు వరుసలు కూర్చారు. నేడు అన్నమయ్య పాట తెలియని తెలుగు ఇల్లు అరుదు.

1974లో మద్రాసు సంగీత అకాడమీ శర్మగారిని సంగీత కళానిధి బిరుదంతో గౌరవించింది. తిరుమల తిరుపతి దేవస్థానం ఆయనను ఆస్థాన విద్వాంసునిగా సత్కరించింది. ఆ గౌరవం అందిన 1979 మార్చి 11వ తేదీననే ఆయన కన్నుమూశారు.

కరవు నేలలో రైతు వాన ఎప్పుడు కురుస్తుందో తెలియకనే విత్తనాన్ని భద్రపరుస్తాడు. పదును దొరికిన నాడు విత్తుతాడు. రాళ్ళపల్లివారు కూడా తల్లి వద్ద నేర్చిన పాటను, గురువుల వద్ద నేర్చిన శాస్త్రాన్ని అలాగే జీవితమంతా భద్రపరచుకొన్నారు. అరవయ్యో ఏడు సమీపిస్తున్న వేళ ఆ విద్య అంతా ఒక్క పనికి అక్కరకు వచ్చింది. నేర్చిన విద్య ఏనాడు, ఎవరికి ఉపకరిస్తుందో ముందుగా తెలియదు. శ్రద్ధతో నేర్చి ఉంచుకొనడమే విద్యార్థి చేయదగిన పని.