చెల్లని డిగ్రీ.. చెరగని ఆవిష్కరణ

ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగానికి వెళ్తే ఇంటర్వ్యూలో హెచ్‌పీఎల్‌సీ గురించి అడగడం మామూలే. మందులో అసలు పదార్థమెంత, మలినాలెంత అని విడదీసి చూపే పరికరం అది. హైదరాబాద్, విశాఖ ఫార్మా ల్యాబుల్లో అది లేనిదే పని నడవదు. మరి దాని మూలసూత్రం కనిపెట్టిందెవరు? మిఖాయిల్ స్వెట్ అనే వృక్షశాస్త్రవేత్త.

స్వెట్ 1872లో ఇటలీలోని అస్తి పట్టణంలో పుట్టారు. తండ్రి రష్యన్, తల్లి ఇటాలియన్. ఆయన పుట్టిన కొద్దికాలానికే తల్లి చనిపోయింది. స్విట్జర్లాండ్‌లో పెరిగి, 1896లో జెనీవా యూనివర్సిటీలో డాక్టరేట్ పూర్తిచేశారు. అదే ఏడాది రష్యా వెళ్తే అక్కడ విదేశీ డిగ్రీ చెల్లదన్నారు. చేసేదేముంది? మళ్లీ మొదలుపెట్టారు. 1901లో కజాన్‌లో మాస్టర్స్ సాధించారు. తర్వాత, అప్పట్లో రష్యా పాలనలో ఉన్న వార్సా చేరి యూనివర్సిటీ ల్యాబ్‌లో సహాయకుడిగా కుదిరారు.

ఆకుపచ్చ రంగులో అసలు ఎన్ని రంగులున్నాయన్నదే ఆయన ప్రశ్న. సన్నని గాజు గొట్టంలో సుద్దపొడి కూరి, ఆకుల నుంచి తీసిన రంగు ద్రావణాన్ని పైనుంచి పోశారు. వెనకే శుభ్రమైన ద్రావణిని వదిలారు. పొడిని గట్టిగా పట్టుకునే పదార్థాలు పైనే ఆగాయి, పట్టు తక్కువున్నవి కిందికి జారాయి. కెరోటిన్ అన్నింటికంటే ముందు దిగిపోయింది. జాంథోఫిల్స్, రెండు రకాల క్లోరోఫిల్ వేర్వేరు పట్టీలుగా నిలిచాయి. 1903లో వార్సాలో ఈ పద్ధతిని వివరించారు. 1906లో దానికి క్రొమటోగ్రఫీ అని పేరు పెట్టారు. గ్రీకులో దానర్థం రంగుల రాత. రష్యన్‌లో స్వెట్ అన్నా రంగే!

పెద్దలు మాత్రం నమ్మలేదు. పొడి తగిలితే రంగు పదార్థాలే మారిపోతాయని జర్మన్ శాస్త్రవేత్త విల్‌స్టాటర్ సందేహించారు. సరైన పొడి ఎంచుకుంటే మారవన్నది స్వెట్ వాదన. అందుకోసం 100కి పైగా పొడులు పరీక్షించారు. 1910లో రష్యన్ డాక్టరేట్ కూడా సంపాదించారు. ఆకు రంగులపై పరిశోధనకు 1915లో నోబెల్ వచ్చింది మాత్రం విల్‌స్టాటర్‌కు.

అదే ఏడాది యుద్ధం వల్ల స్వెట్ వార్సా వదలాల్సి వచ్చింది. ఊళ్లు మారుతూ, అనారోగ్యంతో 1919లో వొరొనెజ్‌లో కన్నుమూశారు. వయసు 47. అంతకు ముందు ఏడాది నోబెల్‌కు ఆయన పేరు ప్రతిపాదించినా బహుమతి రాలేదు.

1931లో జర్మనీలో కూన్, లెడరర్ బృందం ఇదే పద్ధతితో కెరోటిన్లను విడదీసింది. అప్పటి నుంచి క్రొమటోగ్రఫీకి తిరుగులేదు. సుద్దపొడి పోయి సిలికా కాలమ్ వచ్చింది, కంటిచూపు స్థానంలో డిటెక్టర్ వచ్చింది. సూత్రం మాత్రం అదే.

ఈసారి ఇంటర్వ్యూలో క్రొమటోగ్రఫీ అంటే ఏంటని అడిగితే బట్టీపట్టిన నిర్వచనంతో ఆపకండి. సుద్దపొడిలో కెరోటిన్ ఎందుకు ముందు దిగిందో చెప్పండి. దానికి ధ్రువత్వం దాదాపు లేదు, కాబట్టి సుద్ద దాన్ని పట్టి ఉంచలేదు. నేడు ఎక్కువగా వాడే సీ18 రివర్స్ ఫేజ్ కాలమ్‌లో అదే కెరోటిన్ చివర్లో వస్తుంది. ఈ తేడా వివరించగలిగితే సూత్రం అర్థమైనట్టే.