నీలిరంగు చెప్పిన లెక్క

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరెత్తితే మనవాళ్ళు సాధారణంగా రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఒకటి, బీదరికంలోంచి అమెరికా దాకా వెళ్ళారని. రెండు, రావాల్సిన నోబెల్ రాలేదని. రెండూ చెప్పుకోవాల్సినవే, కాదనను. కానీ ఈ రెండింటి మధ్యా ఆయన రోజూ ల్యాబ్‌లో నిలబడి ఏం చేశారన్నది మాయమైపోతోంది. నా దృష్టిలో అసలు కథ అక్కడే ఉంది. ఆయన గొప్పగా కొలిచిన మనిషి. కొలవడం వచ్చింది కాబట్టే మందులు తయారుచేయగలిగారు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. చదువు మీద మొదట్లో పెద్ద ధ్యాస లేదు. కాశీ వెళ్ళి యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని చిన్నప్పుడే ఇంట్లోంచి పారిపోయారు. తల్లి పట్టుకొచ్చి మళ్ళీ బడికి పంపింది. మెట్రిక్ గట్టెక్కడానికి మూడుసార్లు రాయాల్సి వచ్చింది. తండ్రి పోయాక కొడుకు చదువు ఆగకూడదని ఆవిడ తన మంగళసూత్రాలు కూడా అమ్మేసింది. తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీ. స్వదేశీ ఉద్యమం మీద అభిమానంతో ఖద్దరు కట్టుకుని వెళ్ళేవారు. అది తెల్లదొర ప్రొఫెసర్‌కి నచ్చలేదు. చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువైన ఎల్ఎంఎస్.

ఈలోపే ఇంటిమీద పిడుగు పడింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది, మనిషి శుష్కించిపోతాడు. అప్పటికి దానికి సరైన మందు లేదు. సుబ్బారావు గారికీ అదే జబ్బు వస్తే ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారు నయం చేశారు. ఆ తర్వాత కొంతకాలం మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెప్పారు. అయినా ఈ జబ్బుకి మూలం ఏమిటన్న ప్రశ్న ఆయన్ని వదిలిపెట్టలేదని ఆ తర్వాత జరిగినదాన్ని బట్టి అనుకుంటాను.

1922లో భార్య శేషగిరిని ఇక్కడే ఉంచి బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదివారు. చేతిలో డబ్బులేక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాలు ఎత్తే పని చేశారు. డిప్లొమా అయ్యాక ఓటో ఫోలిన్ నడిపే బయోకెమిస్ట్రీ విభాగంలో చేరి, సైరస్ ఫిస్కే దగ్గర పని మొదలుపెట్టారు.

వాళ్ళకి అప్పజెప్పిన పని వినడానికి చాలా చప్పగా ఉంటుంది: రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవాలి. నమూనాకి ఆమ్లం, అమ్మోనియం మాలిబ్డేట్ కలిపితే ఫాస్ఫేటు దాంతో జతకడుతుంది. దాన్ని క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎక్కువైతే నీలం ముదురుతుంది. ఈ దారిలో అంతకుముందూ పద్ధతులున్నాయి, కానీ రంగు నిలకడగా ఉండేది కాదు. వీళ్ళు క్షయకరణిగా అమైనోనాఫ్తాల్ సల్ఫానిక్ ఆమ్లం వాడారు. రంగు తొందరగా వచ్చింది, మిగతా పదార్థాల అడ్డంకీ తగ్గింది. 1925లో ప్రచురించారు. అదే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి.

మనకి ఇవాళ స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంది. క్యూవెట్ పెట్టి మీట నొక్కితే అంకె వస్తుంది. వాళ్ళ కలరీమీటర్‌కి కన్నే డిటెక్టర్. ఒక కప్పులో తెలిసిన ద్రావణం, ఇంకో కప్పులో తెలియనిది. కటకంలోంచి చూస్తూ రెండు సగాలూ ఒకే నీలంగా కనిపించేదాకా ద్రవం లోతు సరిచేయాలి. ఆ లోతుల నిష్పత్తి నుంచి గాఢత లెక్క కట్టాలి.

ఇక్కడే ఒక తిరకాసు వచ్చింది. కండరం నుంచి తీసిన నమూనాలో రంగు మామూలుగా రాలేదు. మెల్లగా, నిమిషాలు గడిచేకొద్దీ పెరుగుతూ వచ్చింది. మనలో చాలామందిమి రికార్డు బుక్‌లో సగటు వేసేసి ముందుకెళ్ళిపోయే సందర్భం అది. వాళ్ళు ఆగారు. రంగు ఆలస్యంగా వస్తోందంటే ఫాస్ఫేటు మొదట్లో విడిగా లేదన్నమాట. దేనికో అతుక్కుని ఉండి, ఆమ్లంలో నెమ్మదిగా ఊడిపోతోంది. వెతికితే దొరికింది: ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. 1929లో ఏటీపీని కండరం నుంచి వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనిపెట్టాడు. కండరాలకి శక్తి ఎక్కణ్ణుంచి వస్తుందన్న ఆలోచనే మారిపోయింది. ఇదంతా పద్ధతిలో లోపంగా కొట్టిపారేయగలిగిన ఒక ఆలస్యం దగ్గర మొదలైంది.

1930లో పీహెచ్‌డీ వచ్చింది గానీ హార్వర్డ్‌లో స్థిరమైన పదవి రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో చేరారు. తర్వాత అక్కడ పరిశోధనలకి అధిపతి అయ్యారు. అక్కడ పట్టుకున్న పెద్ద పని ఫోలిక్ ఆమ్లం.

ఆకుకూరల్లో, కాలేయంలో రక్తహీనతని తగ్గించే పదార్థమేదో ఉందని తెలుసు. కానీ అది అతి స్వల్పంగా ఉంటుంది, రంగు పరీక్షలకి అందదు. అందుకని బాక్టీరియాతో కొలిచారు. లాక్టోబాసిల్లస్ కేసై ఫోలిక్ ఆమ్లం లేకపోతే పెరగదు. మిగతా పోషకాలన్నీ ఇచ్చి, నమూనాని కొద్దిగా కలిపి, గొట్టం ఎంత మసకబారిందో చూస్తే పదార్థం ఎంతుందో తెలుస్తుంది. శుద్ధిచేసే ప్రతి మెట్టులోనూ ఈ కొలత లేకపోతే ఏ భాగం ఉంచుకోవాలో, ఏది పారబోయాలో తెలియదు. అలా కాలేయం నుంచీ, ఒక సూక్ష్మజీవి పెరిగిన ద్రవం నుంచీ వేరుచేసి, విడగొట్టి చూస్తే మూడు ముక్కలు తేలాయి: టెరిడిన్, పారా అమైనోబెంజోయిక్ ఆమ్లం, గ్లుటామిక్ ఆమ్లం. 1945లో ఆయన బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ మందు స్ప్రూకి పనిచేసింది. అన్నదమ్ములిద్దర్నీ మింగిన జబ్బు అది. వాళ్ళకి మాత్రం పాతికేళ్ళు ఆలస్యమైంది.

ఆ అణువు నిర్మాణం తెలిశాక దాన్ని కొంచెం మార్చి ఫోలిక్ ఆమ్లానికి విరోధిని చేయడం కుదిరింది. టెరిడిన్ మీది హైడ్రాక్సిల్ తీసి అమైనో పెడితే అమైనోప్టెరిన్. దానికి ఒక మిథైల్ చేరిస్తే మెథోట్రెక్సేట్. వేగంగా విభజన చెందే కణాలకి ఫోలిక్ ఆమ్లం కావాలి. దాని చోటులో ఈ నకిలీ దూరితే కణం ఆగిపోతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లెడర్లీ వాళ్ళ అమైనోప్టెరిన్‌ని లుకేమియా వచ్చిన 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. 1948లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. అప్పటిదాకా ఆ పిల్లలకి ఆశే లేదు.

బోదకాలుకి మనవాళ్ళు ఇప్పటికీ మింగే డీఈసీ మాత్ర కూడా 1947లో ఆయన ప్రయోగశాల ఇచ్చిందే. గోదావరి జిల్లాలో పుట్టినవాడికి బోదకాలు అంటే ఏమిటో ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. టెట్రాసైక్లిన్లలో మొదటిదైన ఆరియోమైసిన్‌ని బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిందీ ఈయన నాయకత్వంలోనే.

ఇవన్నీ ఊరికే రాలేదు. శేషగిరి గారు భర్తని 1922 తర్వాత మళ్ళీ చూడలేదు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. 1948 ఆగస్టులో ఆయన న్యూయార్క్ దగ్గర తన గదిలో నిద్రలోనే కన్నుమూశారు. 53 ఏళ్ళు. ఆయన కనిపెట్టిన వాటిని కోట్లమంది వాడారు, ఆవిడకి మాత్రం మిగిలింది ఎదురుచూపే. ఆయన్ని పొగిడేటప్పుడు ఆ లెక్క కూడా వేయాలని నాకనిపిస్తుంది.

ఇవాళ లుకేమియా పిల్లలకి మెథోట్రెక్సేట్ పెద్ద మోతాదులో ఎక్కించినప్పుడు 24 గంటలకి, 48 గంటలకి రక్తం తీసి మందు ఎంత మిగిలిందో కొలుస్తారు. ఎక్కువుంటే విరుగుడుగా ల్యూకోవోరిన్ పెంచుతారు. అదీ ఫోలిక్ ఆమ్లం కుటుంబానిదే. ఆ రిపోర్టు వచ్చేదాకా డాక్టరూ, తల్లిదండ్రులూ ఒక్క అంకె కోసమే కాచుకుని ఉంటారు.