నవాబు అలీ నవాజ్ జంగ్ బహద్దరు

ఆనకట్ట కట్టునపుడు మట్టితట్ట మోయువారు వేరు, పటము గీయువారు వేరు. పాలమూరు మండలపు కూలీలు దేశమున అనేక ఆనకట్టలకును కాలువలకును మట్టి మోసిరి. ఆ మట్టి ఎంత ఎత్తున, ఎంత వాలున పడవలెనో నిర్ణయించు కాగితము మాత్రము చిరకాలము ఇతరుల చేతులలోనే యుండెను. హైదరాబాదు రాజ్యమున ఆ కాగితమును చేపట్టిన స్వదేశీయులలో అగ్రగణ్యుడు అలీ నవాజ్ జంగ్.

ఈయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాదున జన్మించెను. సెయింట్ జార్జి గ్రామర్ స్కూలునందును, మదర్సా-ఎ-ఆలియాయందును చదివి, పిదప నిజాం కళాశాలలో చేరెను. ఆ దినములలో ఈ రాజ్యమున ఇంజనీరింగు కళాశాల లేదు. 1896లో ప్రభుత్వ విద్యార్థివేతనము లభింపగా, పందొమ్మిదేండ్ల ప్రాయమున సముద్రము దాటి ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాలలో ప్రవేశించెను. భారతదేశపు పబ్లిక్ వర్క్సు శాఖకు ఇంజనీర్లను తయారుచేయుటకై 1871లో నెలకొల్పిన విద్యాలయమది.

ఇంజనీరు విద్య మంత్రవిద్య కాదు. గణితము, సర్వే, పటములు గీయుట దాని మూలములు. వాని బీజములు గ్రామపాఠశాలలోనే పడును. ఒక చెరువుకట్ట పైన 6 అడుగులు, అడుగున 30 అడుగులు వెడల్పును, 8 అడుగుల ఎత్తును గలదనుకొందము. పై వెడల్పును అడుగు వెడల్పును కూడి సగము చేసి, ఎత్తుచే గుణించిన 144 చదరపు అడుగులగును. నూరడుగుల కట్టకు 14,400 ఘనపుటడుగుల మట్టి కావలెను. ఎనిమిదవ తరగతి బాలుడు చేయగల లెక్కయే ఇది. మహాజలాశయముల అంచనాలకును మొదటిమెట్టు ఇట్టి లెక్కయే.

1899లో తిరిగివచ్చి అలీ నవాజ్ జంగ్ హైదరాబాదు పబ్లిక్ వర్క్సు శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరెను. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి వేలాది ప్రాణములను బలిగొన్నది. మరుసటి యేడు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు, నగరమునకు ఎగువన జలాశయములు కట్టి వరదను నిలుపవలెనని సూచించిరి. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను. 1918లో చీఫ్ ఇంజనీరైన అలీ నవాజ్ జంగ్ ఈ కార్యములను నడపిన ప్రముఖులలో నొకడు. మంజీరానదిపై 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరు ఈయన కీర్తికి మూలస్తంభము. సింధునదిపై సుక్కూరు ఆనకట్ట విషయమును పరిశీలించుటకు 1929లో విశ్వేశ్వరయ్యగారితోపాటు ఈయనను కూడ ఆహ్వానించిరి.

తుంగభద్రా జలముల పంపకమునకై మద్రాసు ప్రభుత్వముతో సాగిన చర్చలలో హైదరాబాదు పక్షమున నిలిచి వాదించినవాడును ఈయనయే. 1944లో ఒడంబడిక కుదిరినది. పిమ్మట నిర్మింపబడిన రాజోలిబండ ఆనకట్టనుండి గద్వాల, అలంపురం ప్రాంతపు పొలములకు కాలువ వచ్చినది. నదిలో నీరుండుట వేరు, ఆ నీటిలో మన భాగమును లెక్కకట్టి నిరూపించుట వేరు. లెక్క తెలియని పక్షము న్యాయము గలదైనను సభలో ఓడిపోవును.

అయినను ఒక సత్యమును మరువరాదు. ఈయన రాజధానిలో పుట్టి, మంచి పాఠశాలలలో చదివిన భాగ్యశాలి. అదే కాలమున మన పల్లెలలో పుట్టిన బాలుని తెలివికి అట్టి దారి లేకుండెను. 1929లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు కళాశాల వెలసినను, బోధన ఉర్దూలో జరుగుటచే తెలుగుబిడ్డకు అది రెండింతల శ్రమయయ్యెను.

నేడట్లు కాదు. మహబూబ్‌నగరుననే ప్రభుత్వ పాలిటెక్నిక్ కలదు. పదవ తరగతి ముగించినవారు పాలిసెట్ వ్రాసి డిప్లొమాలో చేరవచ్చును. అది ముగిసినపిదప ఈసెట్ మూలమున బి.టెక్. రెండవ సంవత్సరమున ప్రవేశింపవచ్చును. ఇంటర్మీడియటులో గణితము, భౌతిక రసాయన శాస్త్రములు చదివినవారికి వేరొక ప్రవేశపరీక్ష కలదు. దారి తెలియక ఆగిపోవు బాలబాలికలకు ఆ దారిని చెప్పుట పెద్దల ధర్మము.

అలీ నవాజ్ జంగ్ 1949 డిసెంబరు 6న కాలధర్మము నొందెను. తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిదప ఆయన జన్మదినమైన జూలై 11ని ఇంజనీర్ల దినముగా పాటించుచున్నారు. ఆ దినమున చిత్రపటమునకు పూలమాల వేయుట మంచిదే. దానితోపాటు ఊరి పిల్లలను చెరువుకట్ట మీదికి తోడుకొనిపోయి, చేతికి కొలత టేపు నిచ్చి, ఆ కట్ట మట్టిని లెక్కకట్టించుట ఇంకను మంచిది. తట్ట మోసిన తాత మనుమడు పటము గీయుట అచటనే ఆరంభము కావలెను.