ఉపనిషత్తులకు పల్లకి పట్టిన రాకుమారుడు

మీ పూజామందిరంలో ఉపనిషత్తుల గ్రంథం ఉన్నదా? దానిని చేతిలోకి తీసుకున్నప్పుడు ఒక మొగలు రాకుమారుని కూడా స్మరించండి. ఆయన పేరు దారా షికో. షాజహాన్, ముంతాజ్ దంపతుల జ్యేష్ఠపుత్రుడు. 1615లో అజ్మీరులో జన్మించాడు.

సింహాసనానికి వారసుడైనా ఆయన మనస్సు మహాత్ముల సన్నిధినే కోరేది. లాహోరు సూఫీ గురువు మియాన్ మీర్‌ను దైవసమానునిగా భావించి, ఆయన శిష్యుడైన ముల్లా షా వద్ద ఉపదేశం పొందాడు. ఇరవై అయిదేళ్ళ ప్రాయంలోనే సూఫీ మహనీయుల చరిత్రలు రచించాడు. తెలుగువాడైన జగన్నాథునికి పండితరాజ బిరుదమిచ్చి గౌరవించిన ఆస్థానం ఆయన తండ్రిదే.

1653లో కాందహారు ముట్టడిలో విఫలుడై లాహోరు చేరిన దారా, బాబా లాల్ అనే బైరాగితో గోష్ఠి జరిపాడు. హిందువులు విగ్రహాన్ని ఎందుకు పూజిస్తారని అడిగాడు. మనస్సు నిలవడానికే ఆ రూపమని, పెళ్ళికాని బాలికలు బొమ్మలతో ఆడుకొని సంసారం ఏర్పడగానే వాటిని విడిచినట్లు, తత్త్వమెరిగిన వానికి రూపంతో పని ఉండదని ఆ సాధువు వివరించాడు. గమనించండి, అడిగినవాడు ఆక్షేపించడానికి అడగలేదు, తెలుసుకోవడానికి అడిగాడు.

1655లో సూఫీ పరిభాషను, వేదాంత పరిభాషను పక్కపక్కన నిలిపి మజ్మఉల్ బహ్రైన్ రచించాడు. రెండు సముద్రాల సంగమమని దాని అర్థం. 1657లో కాశీ పండితులను, సన్యాసులను ఢిల్లీకి రప్పించి, ఆరు నెలలలో యాభై ఉపనిషత్తులను పారసీలోకి తెచ్చాడు. దానికి సిర్రె అక్బర్, అనగా మహారహస్యం, అని పేరుపెట్టాడు. ఖురాను ప్రస్తావించిన నిగూఢ గ్రంథం ఉపనిషత్తులేనని ఆయన విశ్వాసం. ఈ కృషికై ఆయన ఇస్లామును వీడలేదు. తన మతం లోతును మరింతగా ఎరుగుటకే ఈ వెలుగును ఆశ్రయించాడు.

ఆయనలో లోపాలు లేకపోలేదు. అహంభావం ఉండేది, యుద్ధనైపుణ్యం కొరవడింది. 1658లో సమూగఢ్ వద్ద తమ్ముడు ఔరంగజేబు చేతిలో ఓడిపోయాడు. పరారీలో భార్య నాదిరా బాను కన్నుమూసింది. పూర్వం తాను ప్రాణదానం చేసిన మలిక్ జీవనే ఆయనను శత్రువులకు అప్పగించాడు. మాసిన ఏనుగుపై, చిన్న కుమారునితో సహా, ఢిల్లీ వీధులలో ఊరేగిస్తూంటే జనం విలపించారు. ఆయన మతభ్రష్టుడని ఉలేమాలు తీర్పు చెప్పారు. రాజ్యం కోసం జరిగిన పోరుకు ఆ గ్రంథాలే నేరాలయ్యాయి. 1659 ఆగస్టు 30 రాత్రి ఆయనను వధించి, హుమాయూను సమాధి ప్రాంగణంలో పూడ్చారు.

దేహం మట్టిలో కలిసింది, అక్షరం మిగిలింది. ఆ పారసీ గ్రంథమే ఫ్రెంచి పండితుడు ఆంకెతిల్ దుపెరోన్‌కు చేరి, 1801-02లో లాటినులో వెలువడింది. జర్మను తత్త్వవేత్త షోపెన్‌హవర్ దానిని జీవితాంతం పారాయణ గ్రంథంగా భావించాడు. మన ఋషుల వాక్కు పడమటి దేశాల తత్త్వవేత్తలకు మొదట చేరింది ఒక ముస్లిం రాకుమారుని శ్రమవల్లనే.

పొరుగింటి మతాన్ని గురించి మీకు సందేహం కలిగినపుడు దారా వలె అడగండి. జిజ్ఞాసతో అడిగిన ప్రశ్న కూడా ఒక ఉపాసనయే.