డేరాలో మేజర్ గారు

పోయిన ఏడాది ఎన్‌సీసీ క్యాంపులో ఒక సాయంత్రం టీ గ్లాసులు పట్టుకుని నేల మీద కూర్చుని ఉంటే, కల్నల్ సార్ వచ్చి మా పక్కనే కూర్చున్నారు. లేవబోతే వద్దన్నారు. నాది ఏ ఊరని అడిగారు. ఆదోని అని చెప్పా. అక్కడ ఏం పండిస్తారు, వానలు ఎలా ఉన్నాయి, పత్తి రేటు ఎంత పలుకుతోంది అని వరసగా అడిగారు. పత్తి అన్న ఒక్క మాట తప్ప నాకేం రాలేదు. మా తాత ఇప్పటికీ సేద్యం చేస్తాడు. సిగ్గేసింది.

సెలవుల్లో ఎమ్మిగనూరు వెళ్లినప్పుడు ఈ సంగతి అవ్వకి చెబితే, మన్రోలప్ప కాలంలో పుట్టి ఉంటే దొరలతో మాట్లాడటం వచ్చేదని నవ్వింది. మన్రోలప్ప అంటే ఎవరో ఊరి పెద్ద అనుకున్నా. కాదట. స్కాట్లండ్ నుంచి వచ్చిన మిలిటరీ ఆఫీసరు, సర్ థామస్ మన్రో. అప్పుడు చదవడం మొదలుపెట్టా.

మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి వ్యాపారి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వ్యాపారం దెబ్బతింది. 1780లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా మద్రాసులో దిగాడు. అప్పటికి పద్దెనిమిదేళ్లు, అంటే నాకంటే చిన్న! అదే ఏడాది హైదర్ అలీతో యుద్ధం, తర్వాత టిప్పుతో. 1792 నుంచి ఏడేళ్లు ఇప్పటి ధర్మపురి వైపున్న బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ అనే సైనికాధికారి కింద శిస్తు పని చేశాడు. రైత్వారీ పద్ధతి అక్కడ రూపం దిద్దుకుంది. మధ్యలో జమీందారు లేకుండా సర్కారే ఒక్కో రైతుతో నేరుగా లెక్క తేల్చుకోవడం. మన సీఎస్ భాషలో చెప్పాలంటే, మధ్యలో ఏ సర్వరూ లేని డైరెక్ట్ కనెక్షన్.

1800లో నిజాం తన దగ్గరున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద బళ్లారి, కడప ప్రాంతాలను ఇచ్చేశాడు. వాటినే దత్తమండలాలు అన్నారు. 1928 నుంచి రాయలసీమ అంటున్నాం. ఆదోని, ఎమ్మిగనూరు అందులోవే. కర్నూలు మాత్రం అప్పుడు నవాబు చేతిలో ఉంది. మేజర్ మన్రో ఇక్కడికి కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు.

బంగళాలో కూర్చోలేదు. ఊరూరూ తిరుగుతూ డేరా వేసుకునేవాడు. రైతులు నేరుగా వచ్చి తమ గోడు చెప్పుకునేవాళ్లు. తెలుగు వచ్చు కాబట్టి మధ్యలో దుబాసీ అక్కర్లేదు. పొలాలన్నీ కొలిపించి, ఏ నేల ఎంత పండుతుందో లెక్క రాయించాడు.

ఇంతవరకు చదివి ఆయనకి ఫ్యాన్ అయిపోయా. తర్వాత తెర్నేకల్ సంగతి తెలిసింది. మన దేవనకొండ మండలంలోదే ఆ ఊరు. 1801లో అక్కడివాళ్లు శిస్తు మీద తిరగబడితే కంపెనీ సైన్యం వచ్చి అణిచేసింది. ఊరి పెద్ద గౌడప్ప పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. పాలెగాళ్లనూ మన్రో ఒక్కొక్కరినే అణిచాడు. డేరాలో ఓపిగ్గా విన్నది కూడా చివరికి శిస్తు కోసమే కదా అనిపించింది.

కానీ ఆ వినడం ఊరికే పోలేదు. ఈ భూముల మీద శిస్తు ఎక్కువైందని, నాలుగో వంతు తగ్గించాలని 1807లో ఆయనే పైవాళ్లకు రాశాడు. వాళ్లు ఒప్పుకోలేదు. ఆయన ఇంగ్లండ్ వెళ్లాక రైత్వారీని కూడా తీసేశారు. 1817లో మరాఠా యుద్ధంలో మళ్లీ సైనికుడయ్యాడు. చేతిలో సైన్యం తక్కువ. ఆ ప్రాంతం జనంలోంచే బంట్రోతులను చేర్చుకుని కోటలు పట్టుకున్నాడు. మామూలు జనంతో మాట్లాడే అలవాటు అక్కడ అక్కరకొచ్చింది. 1820లో మద్రాసు గవర్నరై రైత్వారీని తిరిగి తెచ్చాడు, శిస్తు కూడా తగ్గించాడు.

1827లో ఇంటికి వెళ్లిపోయే ముందు మన సీమను ఒకసారి చూసి పోదామని వచ్చాడు. భార్య అంతకుముందే ఇంగ్లండ్ వెళ్లిపోయింది. దండులో కలరా పుట్టింది. జూలై 6న పత్తికొండలో చనిపోయాడు. గుత్తిలో పాతిపెట్టి, తర్వాత అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి తీసుకెళ్లారు. సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు కనిపించి మాట్లాడాడని అవ్వ నమ్ముతుంది. ఆ కథ మా వైపు అందరికీ తెలుసు.

ఫ్రెండ్స్, నేను ఆయన్ని దేవుణ్ని చేయలేను. తెర్నేకల్ గుర్తొస్తుంది. అలాగని కొట్టిపారేయలేను కూడా. పరాయి దేశం నుంచి వచ్చినాయన మా తాతముత్తాతల పొలాల గురించి వాళ్ల భాషలోనే అడిగి తెలుసుకున్నాడు. ఇక్కడే పుట్టిన నేను ఒక్కసారీ అడగలేదు.

పోయిన ఆదివారం తాతకి ఫోన్ చేసి, ఈసారి వాన ఎట్లుంది అని అడిగా. డబ్బులేమైనా కావాలా అని అనుమానపడ్డాడు. తర్వాత ముప్పావుగంట మాట్లాడాడు. నేను నోట్‌బుక్కులో రాసుకున్నా. ఈసారి క్యాంపులో ఎవరైనా అడిగితే చెప్తా.