ఆంబ్రువాజ్ పారే

కాలిన గాయములకు ప్రథమచికిత్స నేర్చుకొను బాలురు ఆంబ్రువాజ్ పారే చరిత్ర నెఱుగుట మేలని తలంచి దీనిని వ్రాయుచున్నాము. ఈయన ఫ్రాన్సు దేశమున లవాల్ పట్టణమునకు సమీపమున సుమారు 1510వ సంవత్సరమున జన్మించెను. లాటిను భాష నెఱుగడు. ఆ దినములలో శస్త్రవైద్యము క్షురకుల వృత్తి. మన పల్లెలయందును పూర్వము మంగలులే కురుపులు కోసి కట్టు కట్టుచుండిరి గదా! పారే ఆ వృత్తినే నేర్చి, పారిస్ నగరమున ఓటెల్‌ద్యూ అను ధర్మవైద్యశాలలో సుమారు మూడేండ్లు రోగులకు పరిచర్య చేసెను.

1537 ప్రాంతమున ఫ్రెంచి సైన్యము ఇటలీలోని టురిన్ పైకి వెడలగా, మోంటెజాన్ అను సేనానికి వైద్యుడై ఆయనయు వెళ్లెను. తుపాకిమందు విషమనియు, గుండు తగిలిన గాయములో సలసల క్రాగు నూనె పోసిననేగాని అది విఱుగదనియు నాటి పండితుల మతము. పారేయు నట్లే చేయుచుండెను. ఒకనాడు నూనె అయిపోయెను. మిగిలినవారికి గ్రుడ్డుసొన, గులాబి తైలము, టర్పెంటైను కలిపి పూసి, వారు విషముచే చత్తురేమో యను భయముతో ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లవాఱకమునుపే లేచి చూడగా, నూనె పోయబడనివారు నెమ్మదిగా నుండిరి. పోయబడినవారు జ్వరముతోను వాపుతోను బాధపడుచుండిరి. నాటినుండి ఆ క్రూరచికిత్సను మానెను.

ఆ దండయాత్రలోనే సేనాని వంటశాలలోని కుఱ్ఱవాడొకడు క్రాగిన నూనెకొప్పెరలో పడెను. పారే మందులకై అంగడికి పోగా, అచటనున్న పల్లెటూరి ముసలమ్మ యొకతె పచ్చి నీరుల్లిని కొంచెము ఉప్పుతో నూఱి పట్టు వేసిన బొబ్బలు లేవవని చెప్పెను. మఱియొకడైనచో నవ్వియుండును. ఈయన వినెను. మఱునాడు నీరుల్లి పెట్టినచోట బొబ్బలు లేవు, పెట్టనిచోట నుండెను. అంతమాత్రమున నమ్మలేదు. పిమ్మట ఒక జర్మను భటుని తుపాకిమందు బుడ్డి అంటుకొని ముఖమును చేతులును కాలగా, ముఖమున నొక ప్రక్క నీరుల్లియు, రెండవ ప్రక్క వాడుక మందులును వేసి పోల్చి చూచెను. ఆయన జీవితమున మాకు మిక్కిలి నచ్చిన ఘట్టమిదియే.

అయితే ఇది చదివి ఎవరును ఇంట నీరుల్లి నూఱవలదు. అట్లు పోల్చి చూచియే నేటి వైద్యులు నీటిని మేలైనదిగా గ్రహించిరి. మొదట మంట నార్పి, వాపు రాకమునుపే ఉంగరములు, గాజులు తీసి, కాలినచోట చల్లని నీటిధారను 20 నిమిషములు పాఱనీయవలెను, మంచుగడ్డ కూడదు. చర్మమున కంటుకొన్న బట్టను పెఱుకరాదు. పిమ్మట శుభ్రమైన వస్త్రమును వదులుగా కప్పి, మిగిలిన దేహమునకు చలి సోకకుండ కాపాడి, వైద్యశాలకు చేర్పవలెను. ముఖము కాలినను, పొగ పీల్చినను, గొంతు బొంగురుపోయినను క్షణమైన జాగు చేయరాదు. మన యిండ్లలో వాడు సిరా, దోసెపిండి, టూత్‌పేస్టు పుండును చెఱచుటయేగాక, దాని లోతును వైద్యునికి కనబడనీయవు.

పారే గుండుగాయములనుగూర్చిన గ్రంథమును 1545లో దేశభాషయైన ఫ్రెంచిలోనే ప్రకటించెను. లాటిను రాని క్షురకుడు గ్రంథకర్త యగుటా యని పారిస్ వైద్యపండితులు కోపించి, 1575లో ఆయన గ్రంథసంపుటము నడ్డగింపజూచిరి. ఆయన వెనుదీయలేదు. ముసలమ్మ చెప్పిన మాటను సైతము దాచక వ్రాసెను. వరుసగా నలుగురు రాజులకు శస్త్రవైద్యుడై, 1590 డిసెంబరు 20వ తేదీన పారిస్‌లో మృతినొందెను.